550–0: 1901 మిషిగన్ ఫుట్‌బాల్ సీజన్ వెనక ఉన్న లెక్కలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల్లో చాలామందికి ఒక స్కోరు కంఠస్థం: 550–0. అది ఒక్క ఆటలో వచ్చిన స్కోరు కాదు, ఒక సీజన్ మొత్తానిది. 1901లో మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టు పదకొండు ఆటలు ఆడి పదకొండూ గెలిచింది. 550 పాయింట్లు చేసి, ఎదుటివాళ్లకు ఒక్కటంటే ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌లో చదువుకున్న తెలుగువాళ్లు ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. విన్నవాళ్లలో సగం మంది "అవతలివి ఉత్తి డొల్ల జట్లు అయ్యుంటాయి" అంటారు. మిగతా సగం "అంత మొనగాళ్లన్నమాట" అంటారు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అంత స్కోరు ఎలా సాధ్యమైందో తెలియాలంటే ముందు చూడాల్సింది ఆనాటి నిబంధనల పుస్తకం. ఆ పుస్తకంలోని రెండు మూడు సందులను మిగతా అందరికంటే బాగా వాడుకున్న కోచ్ ఆ ఏడాది మిషిగన్‌కు దొరికాడు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే సాకర్ కాదు, కోలబంతితో ఆడే అమెరికన్ ఆట. అయితే ఇప్పుడు టీవీలో కనిపించే ఆటకూ 1901 నాటి ఆటకూ పేరు ఒకటే గానీ తీరు వేరు. ముందుకు బంతి విసరడం, అంటే ఫార్వర్డ్ పాస్, అప్పట్లో నిషిద్ధం. అది 1906లో గానీ రాలేదు. బంతి ముందుకు వెళ్లాలంటే పట్టుకుని పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. మైదానం పొడవు 110 గజాలు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని అవతలి గోల్ గీత దాటించి నేలకు తాకిస్తే, 5 పాయింట్లు; దాని తర్వాత గోల్ కర్రల మధ్య నుంచి తన్నే గోల్‌కు 1; ఆట నడుస్తుండగానే అలా తన్నే ఫీల్డ్ గోల్‌కు 5; బంతి ఉన్నవాణ్ణి అతని సొంత గోల్ గీత వెనకే పడగొట్టే సేఫ్టీకి 2. ఫీల్డ్ గోల్‌కూ టచ్‌డౌన్‌కూ ఒకే విలువ ఉండటం ఇప్పటివాళ్లకు వింతగా అనిపిస్తుంది. ఫీల్డ్ గోల్ 1904లో 4కు, 1909లో 3కు దిగింది. టచ్‌డౌన్ 1912లో 6కు పెరిగింది.

మూడు ప్రయత్నాలు, ఐదు గజాలు

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఇది. బంతి చేతిలో ఉన్న జట్టు మూడు డౌన్లలో (ప్రయత్నాల్లో) ఐదు గజాలు ముందుకు వెళ్తే మళ్లీ మూడు డౌన్లు దక్కుతాయి. లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అంటే ఒక్కో ప్రయత్నానికి సగటున గజమున్నర పైచిలుకు దొరికితే చాలు, బంతి చేజారదు. ఇప్పుడు నాలుగు డౌన్లలో పది గజాలు కావాలి, అంటే ప్రయత్నానికి రెండున్నర గజాలు. ప్రతిసారీ ఖచ్చితంగా రెండు గజాలు మాత్రమే సంపాదించే జట్టు ఒకటి ఉందనుకుందాం. ఇవాళ ఆ జట్టు ఎప్పటికప్పుడు బంతి పోగొట్టుకుంటూనే ఉంటుంది. 1901లో అదే జట్టు తన గోల్ గీత దగ్గర మొదలుపెట్టి అవతలి గోల్ గీత దాకా ఆగకుండా వెళ్లిపోగలదు.

కొద్దిపాటి ఆధిక్యం ఎంత పెద్ద స్కోరుగా మారేదో ఇక్కడే తెలుస్తుంది. రెండు జట్ల మధ్య తేడా డౌన్‌కు అర గజమే అయినా, ఆ అర గజం వల్ల ఒకరు బంతిని ఎప్పటికీ వదలరు, మరొకరు ఎప్పుడూ పోగొట్టుకుంటారు. ఇప్పటి ఆటలో బలహీనమైన జట్టుకు కూడా ఒక పొడవాటి పాస్ తగిలిందంటే ఆరు పాయింట్లు వచ్చిపడతాయి. అప్పట్లో అలాంటి అదృష్టానికి చోటు తక్కువ. బలహీన జట్టుకు మిగిలిన ఆశలు రెండే: అవతలివాళ్లు జారవిడిచిన బంతి, లేదా దూరం నుంచి డ్రాప్ కిక్‌తో (బంతిని నేల మీద పడేసి, పైకి లేస్తుండగా తన్ని) ఫీల్డ్ గోల్. సీజన్ మొత్తంలో సున్నా ఇవ్వడం ఇప్పుడు ఊహకు కూడా అందదు. అప్పుడు కష్టమే గానీ, అసాధ్యం మాత్రం కాదు.

దీనికి తోడు ఇంకో నిబంధన. పాయింట్లు కోల్పోయిన జట్టే మళ్లీ కిక్కాఫ్ చేసేది (బంతిని అవతలివాళ్లకు తన్ని ఆట మొదలుపెట్టేది). అంటే టచ్‌డౌన్ చేసినవాళ్ల చేతికే బంతి తిరిగి వచ్చేది. కబడ్డీలో పాయింటు తెచ్చిన జట్టుకే అవుటైన తనవాడు మళ్లీ కోర్టులోకి వచ్చినట్టు, ఇక్కడ కూడా గెలుస్తున్నవాడి బలమే పెరుగుతూ పోయేది. ఒకసారి దెబ్బతిన్న జట్టుకు బంతి ముట్టుకునే అవకాశమే అరుదయ్యేది. తర్వాత 1903లో, తన్నాలా అందుకోవాలా అన్నది పాయింట్లు కోల్పోయిన జట్టు ఇష్టానికి వదిలారు.

ఆటగాళ్ల మార్పిడి సంగతి కూడా చూడాలి. ఒకసారి మైదానం వదిలిన ఆటగాడు మళ్లీ ఆ ఆటలోకి రాకూడదు. దాడికి ఒక బృందం, రక్షణకు ఇంకో బృందం అనే పద్ధతి లేదు. ఆ పదకొండు మందే అటూ ఇటూ ఆడాలి. ఒక్కో సగం 35 నిమిషాలు. రెండు వరసలూ బంతికి ఇటూ అటూ ముక్కుకు ముక్కు ఆనించి నిలబడేవి, మధ్యలో ఇప్పటిలా ఖాళీ జాగా ఉండేది కాదు. పరుగెత్తేవాణ్ణి సొంత జట్టువాళ్లే వెనక నుంచి నెట్టడం, ముందు నుంచి లాగడం చెల్లేది. అది 1910లో గానీ ఆగలేదు. తలకు తోలు టోపీ పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు. ఇలాంటి ఆటలో అరగంట గడిచాక ఎవరు లేచి నిలబడగలరు అన్నదే ప్రశ్న.

యోస్ట్ కనిపెట్టింది ఏమిటి

ఫీల్డింగ్ యోస్ట్ వెస్ట్ వర్జీనియా మనిషి, న్యాయశాస్త్రం చదివాడు. 1897 నుంచి ఏడాదికో కాలేజీ చొప్పున ఒహాయో వెస్లియన్, నెబ్రాస్కా, కాన్సస్, స్టాన్‌ఫర్డ్ జట్లకు శిక్షణ ఇచ్చాడు. స్టాన్‌ఫర్డ్ తన పూర్వ విద్యార్థులనే కోచ్‌లుగా పెట్టుకోవాలని తీర్మానించుకోవడంతో 1901లో మళ్లీ ఖాళీ అయ్యాడు. మిషిగన్ అంతకుముందు ఏడాది అయోవా చేతిలో 28–5తో, షికాగో చేతిలో 15–6తో ఓడి తల దించుకుని ఉంది. అథ్లెటిక్ వ్యవహారాలు చూసే చార్లెస్ బెయిర్డ్ యోస్ట్‌ను పిలిపించాడు.

యోస్ట్‌కు 'హర్రీ అప్' అన్న పేరు ఊరికే రాలేదు. జట్టంతా గుండ్రంగా చేరి మాట్లాడుకునే హడల్ అప్పట్లో ఇంకా వాడుకలోకి రాలేదు. ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ అంకెల్లో సంకేతం అరిచేవాడు, అందరూ దాన్నిబట్టి కదిలేవాళ్లు. మామూలు జట్లు పరుగు అయిపోయాక, కుప్పగా పడిన మనుషులు విడివడి, ఊపిరి పీల్చుకుని, వరసలో నిలబడ్డాకే తర్వాతి సంకేతం ఇచ్చేవి. యోస్ట్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ హారిసన్ వీక్స్ కుప్పలోంచి లేస్తూనే తర్వాతి సంకేతం మొదలుపెట్టేవాడు. వరస సర్దుకునేసరికి బంతి కదిలేది. అవతలి పదకొండు మంది ఎవరి ఎదురుగా ఎవరు నిలబడాలో చూసుకునేలోపే పరుగు వాళ్ల మీదికి వచ్చిపడేది.

చెప్పడానికి తేలికే గానీ, ఇది బెడిసికొట్టే చోటు కూడా అక్కడే ఉంది. ముందు వరసలో నిలబడే ఒక్క గార్డ్ సంకేతం సరిగా వినకపోతే అతను ఎడమకు దారి తెరుస్తాడు, బంతి కుడికి పోతుంది. వెనక నుంచి బంతి అందుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్ ఒక అడుగు ఆలస్యమైతే చేతి మార్పిడిలో బంతి జారుతుంది. నేల మీద పడిన బంతి ఎవరు దొరకబుచ్చుకుంటే వాళ్లదే. అందుకే వేగం కావాలనుకున్న ప్రతి జట్టుకూ అది కుదరలేదు. పరిమితమైన ఎత్తుగడలనే పెట్టుకుని, అవి ఒంటికి పట్టేదాకా పదే పదే చేయించడం, అలసట వచ్చాక కూడా అదే వేగంతో చేయించడం, ఇదీ యోస్ట్ సాధన. పైన చెప్పిన లెక్కకు దీన్ని కలిపి చూడండి. గజమున్నర చొప్పున చాలు, బంతి మనదే, అవతలివాడికి మార్పిడి కుదరదు. అలాంటప్పుడు ఒక గంటలో ఎన్ని ప్రయత్నాలు చేయగలిగితే అన్ని గజాలు. ఆటకు వేగం తెస్తే పాయింట్లు వాటంతటవే వస్తాయి.

పరుగెత్తేవాళ్లు కూడా తక్కువవాళ్లు కాదు. హాఫ్‌బ్యాక్ విల్లీ హెస్టన్ మొదటి రెండు మూడు అడుగుల్లోనే పూర్తి వేగం అందుకునేవాడు. ఫుల్‌బ్యాక్ నీల్ స్నో బరువుతో వరసను చీల్చేవాడు. టాకిల్ బ్రూస్ షార్ట్స్‌ను కూడా వరసలోంచి వెనక్కి లాగి బంతి ఇచ్చి పరుగెత్తించేవాళ్లు, గోల్ తన్నే పని కూడా అతనిదే. పంట్, అంటే చేతిలోంచి వదిలిన బంతిని నేలకు తాకకముందే దూరంగా తన్నడంలో, ఎవరెట్ స్వీలీ దిట్ట. పంట్ సంగతి ఎందుకంటే, యోస్ట్ మూడో డౌన్ దాకా ఆగేవాడు కాదు. సొంత గోల్ దగ్గర ఇరుక్కుంటే మొదటి డౌన్‌లోనే తన్నించేవాడు. అవతలివాళ్లు తమ గోల్ దగ్గర బంతి అందుకుని, రెండు మూడుసార్లు గోడకు తల కొట్టుకుని, చివరికి పంట్ తన్నేవాళ్లు. మధ్యలో వచ్చిన నలభై గజాల లాభం కష్టపడకుండా మిగిలేది.

పదకొండు ఆటలు

సెప్టెంబర్ 28న ఆల్బియన్ మీద 50–0తో సీజన్ మొదలైంది. తర్వాత వరసగా కేస్ 57, ఇండియానా 33, నార్త్‌వెస్టర్న్ 29, బఫలో 128, కార్లైల్ 22, ఒహాయో స్టేట్ 21, షికాగో 22, బెలాయిట్ 89. థ్యాంక్స్‌గివింగ్ రోజు షికాగో నగరంలో అయోవా మీద 50. అవతలి వైపు అన్నిచోట్లా సున్నాయే. రెండు నెలల్లో పది ఆటలు.

డొల్ల జట్ల వాదనను ఇక్కడ పరీక్షించవచ్చు. ఆల్బియన్, కేస్, బఫలో, బెలాయిట్ అనే నాలుగు ఆటల్లోనే 324 పాయింట్లు వచ్చాయి. అంటే మొత్తంలో దాదాపు అరవై శాతం. వాటిని తీసేస్తే, జనవరిలో ఆడిన పదకొండో ఆటతో కలిపి ఏడు ఆటల్లో 226, సగటున 32. 550లో చిన్న కాలేజీల మీద కొట్టిన ఉబ్బు చాలానే ఉందన్నమాట. కానీ ఆ ఏడింటిలో పేరున్న కోచ్ పాప్ వార్నర్ శిక్షణలోని కార్లైల్ ఉంది, మరో పేరున్న కోచ్ స్టాగ్ శిక్షణలోని షికాగో ఉంది. వాళ్ల మీద 22–0 అంటే చిన్న విషయం కాదు. 128 తిన్న బఫలో కూడా అదే సీజన్‌లో కొలంబియాను ఓడించిన జట్టే. ఆ ఆటలో సొమ్మసిల్లిన బఫలో ఆటగాడొకడు మిషిగన్ బెంచీ మీదికి వచ్చి కూర్చున్నాడని, మళ్లీ మైదానంలోకి పోనన్నాడని ఒక కథ ఉంది. 1916లో జార్జియా టెక్ కంబర్లాండ్‌ను 222–0తో ఓడించిన ఆట గురించి కూడా దాదాపు ఇదే కథ చెబుతారు కాబట్టి, దాన్ని కథగానే తీసుకోవడం మేలు.

ఒహాయో స్టేట్ ఆట గురించి చెప్పేటప్పుడు సాధారణంగా వదిలేసే సంగతి ఒకటుంది. దానికి రెండు వారాల ముందు, వెస్టర్న్ రిజర్వ్‌తో జరిగిన ఆటలో ఒహాయో స్టేట్ సెంటర్ ఆటగాడు గాయపడి చనిపోయాడు. సీజన్ ఆపేయాలా అన్న చర్చ నడిచి, చివరికి ఆడాలనే నిర్ణయించారు. మిషిగన్ మీద 21 మాత్రమే ఇచ్చింది ఆ దుఃఖంలో ఉన్న జట్టే. ఆ ఏడాది మిషిగన్ పాయింట్లలో అన్నిటికంటే తక్కువ అదే.

పసడీనా, జనవరి 1

కాలిఫోర్నియాలోని పసడీనాలో కొత్త సంవత్సరం రోజున పూల రథాల ఊరేగింపు జరిగేది. ఆ ఖర్చులకు డబ్బు రాబట్టడానికి నిర్వాహకులు తూర్పు–పడమర ఫుట్‌బాల్ ఆట పెడదామనుకున్నారు. ఇప్పుడు రోజ్ బౌల్ అంటున్నది మొదలైంది అలా. ప్రత్యర్థి స్టాన్‌ఫర్డ్, సరిగ్గా ఏడాది కిందట యోస్ట్ తీర్చిదిద్దిన జట్టే. మంచు పడుతున్న ఆన్ ఆర్బర్ నుంచి రైల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి మిషిగన్ ఎండలోకి దిగింది.

మొదటి ఇరవై నిమిషాలు దాటినా పాయింట్లు లేవు. ఆ తర్వాత కట్ట తెగింది. సగం ఆటకు 17–0, చివరికి 49–0. స్నో ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు చేశాడు. హెస్టన్ 18 పరుగుల్లో 170 గజాలు సంపాదించాడు. స్వీలీ ఇరవైకి పైగా పంట్లు తన్నాడు. 49–0తో గెలుస్తూ కూడా అన్ని పంట్లా అనిపించవచ్చు, కానీ పైన చెప్పిన ఎత్తుగడ అదే. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ దూరపు బంధువైన స్టాన్‌ఫర్డ్ గార్డ్ ఒకడు కాలు విరిగాక కూడా కొంతసేపు ఆడాడు. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందనగా స్టాన్‌ఫర్డ్ కెప్టెన్ ఇక చాలన్నాడు, ఆట ఆపేశారు. మిషిగన్ పదకొండు మందిలో ఒక్కరిని కూడా మార్చలేదు.

ఆ 49 ఎలా వచ్చిందో విప్పి చూస్తే ఆనాటి లెక్క అర్థమవుతుంది. ఎనిమిది టచ్‌డౌన్లకు 40, ఒక ఫీల్డ్ గోల్‌కు 5, టచ్‌డౌన్ తర్వాతి గోల్స్ నాలుగే. ఎనిమిదింటికి నాలుగేనా అంటే, ఆ కిక్ ఇప్పటిలా గోల్ కర్రలకు ఎదురుగా పెట్టి తన్నేది కాదు. గీత దాటి బంతిని ఎక్కడ నేలకు తాకించారో, ఆ చోటుకు తిన్నగా వెనక్కి తెచ్చి అక్కడి నుంచే తన్నాలి. మూలలో టచ్‌డౌన్ చేస్తే కోణం చాలా ఇరుకు. దానికి బదులు గోల్ గీత వెనక నుంచి సొంత ఆటగాడికి చిన్నగా పంట్ కొట్టవచ్చు, అతను మధ్యలో నిలబడి శుభ్రంగా పట్టుకుంటే అక్కడి నుంచి తన్నవచ్చు. పట్టు తప్పితే అవకాశం పోయినట్టే. తన్నేటప్పుడు ఒకడు నేల మీద బోర్లా పడుకుని, బంతిని నేలకు ఆననివ్వకుండా చేతుల్లో పట్టుకుంటాడు. అది నేలను తాకిన మరుక్షణం అవతలివాళ్లు గోల్ గీత మీంచి దూసుకొస్తారు. ఇంత తతంగంలో సగం తప్పడం వింతేమీ కాదు.

పోటీ ఇంత ఏకపక్షంగా ముగిసేసరికి నిర్వాహకులు ఫుట్‌బాల్‌ను పక్కన పెట్టి పోలో, రథాల పందాలు నడిపారు. మళ్లీ ఫుట్‌బాల్ 1916లోనే.

నిమిషానికో పాయింటు, నిజమేనా?

1901 నుంచి 1905 దాకా యోస్ట్ జట్లను 'నిమిషానికో పాయింటు' జట్లు అంటారు. ఐదేళ్లలో 57 ఆటలు: 55 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. చేసిన పాయింట్లు 2821, ఇచ్చినవి 42. ఆటకు 49.5. ప్రతి ఆటా నిండా 70 నిమిషాలు జరిగిందనుకుంటే నిమిషానికి 0.7 మాత్రమే. అయితే కెప్టెన్లు మాట్లాడుకుని సగాలను తగ్గించుకోవడం అప్పట్లో మామూలు, చిన్న కాలేజీలతో ఆడేటప్పుడు మరీను. ఆ మేరకు నినాదం నిజానికి దగ్గరగా వస్తుంది. అక్షరాలా నిజమని పట్టుబట్టడం అనవసరం.

1901 జాతీయ విజేత ఎవరన్నది ఇంకో చిక్కు. అప్పట్లో అధికారిక పద్ధతేదీ లేదు. మిషిగన్ పేరు రాసినవి దశాబ్దాల తర్వాత పాత సీజన్లను తిరగేసిన సంస్థలు. వాటిలోనే కొన్ని, యేల్‌ను 22–0తో ఓడించి 12 ఆటలూ గెలిచిన హార్వర్డ్‌కు ఓటు వేశాయి. మిషిగన్ సొంత కాన్ఫరెన్స్‌లోనే (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలోనే) విస్కాన్సిన్ తొమ్మిదికి తొమ్మిదీ గెలిచింది. మిషిగన్, విస్కాన్సిన్ ఆ ఏడాది ఎదురుపడలేదు.

అర్హత సంగతి మరీ సున్నితం. హెస్టన్ అంతకుముందు కాలిఫోర్నియాలో సాన్ హోసే టీచర్ల కాలేజీకి ఆడాడు, అక్కడే యోస్ట్ కంట్లో పడ్డాడు, ఆ మరుసటి ఏడాది మిషిగన్‌లో న్యాయశాస్త్రంలో చేరాడు. ఆనాటి నిబంధనల ప్రకారం తప్పేమీ కాదు. కానీ కోచ్ వెంట ఆటగాడు కాలిఫోర్నియా నుంచి అంత దూరం రావడం చూసి కళ్లు పెద్దవి చేసుకున్నవాళ్లు చాలామందే. నా అంచనాలో మిషిగన్‌ను దెబ్బతీసింది మైదానంలోని ప్రత్యర్థులకంటే ఈ అనుమానాలే. 1905 నవంబర్ 30న షికాగో 2–0తో ఒక్క సేఫ్టీతో 56 ఆటల అజేయ యాత్రను ఆపింది. ఆ కొద్ది వారాలకే, 1906 జనవరిలో, మిషిగన్ అధ్యక్షుడు జేమ్స్ ఏంజెల్ పిలుపు మీద కాన్ఫరెన్స్ కాలేజీలు కూర్చున్నాయి. చేరిన ఏడాదికి గానీ ఆడకూడదు, మూడేళ్లకు మించి ఆడకూడదు, సీజన్‌కు ఐదు ఆటలే అని కట్టడి చేశాయి. యోస్ట్ జట్టుకు అది ఊపిరాడని పరిస్థితి. కొన్నేళ్లకే మిషిగన్ ఆ కాన్ఫరెన్స్ వదిలి బయటికి వచ్చింది.

అదే ఏడాది నిబంధనల పుస్తకమూ మారింది. 1905లో మరణాలు, గాయాలు పెరిగి, రూజ్‌వెల్ట్ తూర్పు కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాక, 1906లో ఫార్వర్డ్ పాస్ వచ్చింది. మూడు డౌన్లలో ఐదు గజాలకు బదులు పది కావాల్సి వచ్చింది. గజమున్నర లెక్క మూడు గజాల పైచిలుకు అయ్యేసరికి గుద్దుకుంటూ పోయే ఆట అక్కడితో కుదరలేదు. బంతి చేతులు మారడం మొదలైంది.

మిషిగన్ మళ్లీ రోజ్ బౌల్‌కు వెళ్లింది 1948 జనవరి 1న, సదరన్ కాలిఫోర్నియా మీద. స్కోరు మళ్లీ 49–0. ఈసారి టచ్‌డౌన్లు ఏడే, ఏడింటి తర్వాత కిక్‌లూ ఏడూ పడ్డాయి. 1902 నాటి ఆటను ఇప్పటి విలువలతో లెక్కగడితే ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది, కిక్‌లు నాలుగు, ఫీల్డ్ గోల్‌కు మూడు: మొత్తం 55.